గిన్నెడు సూపు... గంట ప్రార్థన

ఒక పెన్నీ ఇస్తే రాత్రంతా బెంచీ మీద కూర్చోవచ్చు, ఒళ్లు వాల్చకూడదు. రెండు పెన్నీలకు బెంచీ ముందు తాడు కడతారు. దాని మీద వాలి కునుకు తీయొచ్చు, తెల్లారగానే తాడు విప్పేస్తారు. నాలుగు పెన్నీలు పెట్టగలిగినవాడికి మనిషి పట్టేంత చెక్కపెట్టె, కప్పుకోవడానికి టార్పాలిన్ గుడ్డ. ఆ పెట్టెలు వరసగా పరిచి ఉన్న ఫొటోలు ఇప్పటికీ దొరుకుతాయి. లండన్ పేదలు వాటిని శవపేటికలనే పిలిచేవాళ్లు. విక్టోరియా రాణి కాలం చివర్లో, రవి అస్తమించని సామ్రాజ్యపు రాజధానిలో, నిలువ నీడలేనివాడి నిద్రకు రేట్లివి.

తాడు వ్యవహారం చౌక సత్రాలది. బెంచీ, పెట్టె మాత్రం సాల్వేషన్ ఆర్మీవి. ‘రక్షణ సైన్యం’ అంటే మన బాపట్ల వైపు ఇట్టే గుర్తుపడతారు. ఇవాళ పెద్ద నగరాల్లో చర్చిల తరఫున కుర్రాళ్లు, రిటైరైన టీచరమ్మలు రాత్రిళ్లు ఫ్లాస్కులూ దుప్పట్లూ పట్టుకుని ఫుట్‌పాత్‌ల వెంట తిరుగుతుంటారు. ఆ పద్ధతి బలంగా వేళ్లూనుకున్న చోట్లలో లండన్ ఒకటి. అన్నం పెట్టినవాడు బదులుగా ఏం అడగొచ్చన్న పేచీ కూడా అక్కడ నూటపాతికేళ్లకు పైగా నడుస్తోంది.

బండిగుర్రానికున్న హక్కు

విలియం బూత్ 1829లో నాటింగ్‌హామ్‌లో పుట్టాడు. పదమూడేళ్లకే తాకట్టు కొట్టులో పనికి కుదిరాడు. జనం ఇంట్లో మిగిలిన ఆఖరి వస్తువు కూడా తెచ్చి ఇచ్చి నాలుగు డబ్బులు పట్టుకెళ్లడం కళ్లారా చూశాడు. తర్వాత బోధకుడై, 1865లో తూర్పు లండన్‌లోని వైట్‌చాపెల్‌లో, ‘బ్లైండ్ బెగ్గర్’ అనే పబ్బు ముందు నిలబడి ప్రసంగాలు మొదలుపెట్టాడు. ఆడవాళ్లు వేదికెక్కి వాక్యం చెప్పడమా అని ముక్కున వేలేసుకునే రోజుల్లో ఆయన భార్య కేథరిన్ కూడా పేరుమోసిన బోధకురాలు. 1878లో సంస్థకు సాల్వేషన్ ఆర్మీ అని పేరు పెట్టారు. యూనిఫారం, జెండా, బ్యాండుమేళం అన్నీ వచ్చాయి. బూత్ ‘జనరల్’ అయ్యాడు. తాగుడు మానమంటూ వీధివీధీ తిరుగుతుంటే పబ్బుల వాళ్లు ఊరుకుంటారా? ‘స్కెలిటన్ ఆర్మీ’ పేరుతో అల్లరిమూకలు బయల్దేరి వీళ్ల మీద రాళ్లు రువ్వాయి.

1888లో లైమ్‌హౌస్‌లో మొదటి ఆశ్రయం తెరిచారు. రెండేళ్ల తర్వాత బూత్, పాత్రికేయుడు డబ్ల్యు.టి. స్టెడ్ సాయంతో ‘ఇన్ డార్కెస్ట్ ఇంగ్లండ్ అండ్ ది వే అవుట్’ రాశాడు. అందులోని వాదన సూటిగా ఉంటుంది. లండన్ వీధిలో బండిగుర్రం కూలబడితే ముందు లేపి నిలబెడతారు, ఎందుకు పడ్డావని అడగరు. బతికున్నన్నాళ్లూ దానికి మేత, పాక, పని ఉంటాయి. మనిషికి ఆపాటి హక్కయినా ఇవ్వండి అన్నాడు. దేశ జనాభాలో పదో వంతు, అంటే సుమారు ముప్పై లక్షల మంది ఆ హక్కుకు కూడా నోచుకోలేదని లెక్కగట్టాడు. నన్నడిగితే, పేదవాడి నడవడిక విచారించకుండా ముందు లేపమన్న ఈ ఒక్క మాట బూత్ ప్రసంగాలన్నిటికన్నా విలువైంది.

కానీ లేపిన తర్వాత ఏం చెయ్యాలన్న దగ్గరే తిరకాసు మొదలైంది. ముందు నగరంలో ఆశ్రయం, ఆ తర్వాత పల్లెలో వ్యవసాయ కాలనీ, చివరికి ఓడెక్కించి విదేశీ కాలనీ. ఇదీ బూత్ పథకం. 1891లో ఎసెక్స్‌లోని హాడ్లీలో పొలాలు కొని రెండో మెట్టు కట్టారు. అగ్గిపెట్టెల కార్మికుల దవడలు కుళ్లబెట్టే పసుపు భాస్వరం వాడకుండా సొంత ఫ్యాక్టరీ కూడా తెరిచారు. శాస్త్రవేత్త టి.హెచ్. హక్స్‌లీ మాత్రం ‘టైమ్స్’ పత్రికకు వరసగా లేఖలు రాసి దుమ్మెత్తిపోశాడు. ఒక్కడి ఆజ్ఞకు కట్టుబడిన సైన్యం చేతిలో పేదల్ని పెట్టడం ప్రమాదమన్నది ఆయన భయం.

ఆ భయం ఎంతవరకు నిజమో చూడాలంటే లండన్ దాకా పోనక్కర్లేదు. పంజాబ్‌లో ఐసీఎస్ ఉద్యోగం వదిలేసిన ఫ్రెడరిక్ టక్కర్ 1882లో రక్షణ సైన్యాన్ని బొంబాయిలో దించాడు. తర్వాత బూత్ అల్లుడై బూత్-టక్కర్ అయ్యాడు. ఫకీర్ సింగ్ అని పేరు మార్చుకుని, చెప్పులు లేకుండా ఊళ్లు తిరిగాడు. 1910ల్లో నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను బాపట్ల దగ్గర ఒకచోట ఉంచాలనుకున్న మద్రాసు ప్రభుత్వం ఆ బాధ్యతను ఈ సంస్థకే అప్పగించింది. అదే స్టువర్టుపురం. భూమి, బడి, పని ఉన్నాయి. దాంతోపాటు హాజరు పట్టీ ఉంది, అనుమతి లేకుండా ఊరు దాటకూడదన్న కట్టడి ఉంది. దిక్కులేనివాణ్ని లేపడానికి పుట్టిన ఆలోచన, పోలీసు చట్టంతో చెయ్యి కలిపేసరికి జైలు వాసన కొట్టింది. ఆ చట్టం పోయి డెబ్బై ఏళ్లు దాటినా ఊరి మీద పడ్డ మచ్చను సినిమాలు ఇంకా అమ్ముకుంటూనే ఉన్నాయి.

టీ తాగి, ప్రార్థనలో అల్లరి చేసి...

పుచ్చుకున్నవాడి మనసు తెలియాలంటే జార్జ్ ఆర్వెల్‌ను చదవాలి. మన బిహార్‌లోని మోతిహారిలో పుట్టిన ఆర్వెల్, లండన్ దేశదిమ్మరులతో కలిసి తిరిగి 1933లో పుస్తకం వేశాడు. కింగ్స్ క్రాస్ స్టేషన్ దగ్గర ఒక చర్చిలో వారానికోసారి ఉచితంగా టీ, రొట్టె ఇచ్చేవారు. తాగాక ప్రార్థనకు కూర్చోవాలి. సుమారు వంద మంది గ్యాలరీలోకెక్కి, ప్రార్థన జరుగుతున్నంతసేపూ కబుర్లాడుతూ, ఎగతాళి చేస్తూ కసి తీర్చుకున్నారట. అదే పుస్తకంలో ఇంకో పాదిరి కనిపిస్తాడు. థేమ్స్ ఒడ్డున చీకట్లో గబగబా నడుస్తూ అందరి చేతుల్లో భోజనం టికెట్లు పెట్టి, థాంక్స్ చెప్పేలోపే సిగ్గుపడుతూ వెళ్లిపోయాడు. ఈయన జన్మలో బిషప్ కాలేడని వెనక నుంచి ఎవడో అన్నాడు. అంతకన్నా పెద్ద పొగడ్త వాళ్ల దగ్గర లేదు.

లండన్ చర్చిలు ఆ రెండో పాదిరి దారి పట్టడానికి చాలా ఏళ్లు తీసుకున్నాయి. ట్రఫాల్గర్ స్క్వేర్ పక్కనున్న సెయింట్ మార్టిన్స్ చర్చి తలుపుల్ని మొదటి ప్రపంచయుద్ధ కాలంలో డిక్ షెపర్డ్ అనే వికార్ రాత్రంతా తెరిచి ఉంచాడు. ఆ చర్చి కోసం 1920ల్లో మొదలైన క్రిస్మస్ విరాళాల పిలుపు ఇప్పటికీ బీబీసీ రేడియోలో వినిపిస్తుంది. 1980లో కార్డినల్ బాసిల్ హ్యూమ్, కేథలిక్ సిస్టర్లు కలిసి విక్టోరియా స్టేషన్ దగ్గర ‘ది పాసేజ్’ స్థాపించారు. డయానా తన కొడుకు విలియమ్‌ను చిన్నప్పుడు వెంటబెట్టుకెళ్లింది అక్కడికే. ఇప్పుడు ఆయనే దానికి పోషకుడు. చలికాలంలో ఏడు చర్చిలు వారంలో తలో రాత్రీ పంచుకుని హాల్లో పరుపులు పరిచే పద్ధతి కూడా చాలా పేటల్లో నడిచింది. వడ్డించినవాళ్లూ తిన్నవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం అందులో ముఖ్యం. ప్రార్థన కావాలన్నవాళ్లకే ప్రార్థన.

అయినా తిట్లు తప్పలేదు. వీధిలో సూపు పోస్తే మనిషి వీధికే అలవాటు పడతాడని ఒక వాదన. 2011లో వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ అక్కడి కేథడ్రల్ పరిసరాల్లో ఆహారం పంచడాన్నే నిషేధిస్తానని బయల్దేరి, గోల కావడంతో వెనక్కి తగ్గింది. గిన్నెడు సూపు కోసం ఎముకలు కొరికే చలిలో ఎవరూ ఇల్లొదిలి రారని కౌన్సిల్ పెద్దలకు తోచలేదు కాబోలు. అలాగని సూపు ఇల్లు కట్టదన్నదీ నిజమే. 2020 మార్చిలో కొవిడ్ భయంతో ప్రభుత్వం ‘ఎవ్రీవన్ ఇన్’ అని ఆదేశించగానే హోటళ్ల గదులు తెరుచుకున్నాయి. పది నెలల్లో ఇంగ్లండ్ మొత్తం మీద 37 వేల మందికి ఆసరా దొరికింది. తలుచుకుంటే ప్రభుత్వం ఎంత చేయగలదో తేలిపోయింది. తర్వాత తలుచుకోవడం మానేశారు. 2024-25లో లండన్ వీధుల్లో నిద్రిస్తూ కనిపించినవాళ్లు 13,231 మంది.

వీళ్లలో ప్రభుత్వ సొమ్ముతో సాయం అందనివాళ్లు కొందరుంటారు. వీసా మీద ‘నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్’ అన్న షరతు ఉంటే మామూలుగా కౌన్సిల్ ఇల్లు గానీ, అద్దె భత్యం గానీ దక్కవు. ఇక మిగిలేది చర్చి, గురుద్వారా, విరాళాలతో నడిచే షెల్టర్. హైదరాబాద్ నుంచి, గుంటూరు నుంచి వెళ్లే మన విద్యార్థుల వీసాల మీద ఉండేది కూడా ఇదే షరతు. అందుకే అక్కడున్న మన పిల్లలకు ఒక మాట. రాత్రి గదికి వెళ్తూ మెట్ల కింద ఎవరైనా పడుకుని కనిపిస్తే, ‘స్ట్రీట్‌లింక్’ వెబ్‌సైట్‌లో ఆ చోటు, సమయం, మనిషి ఆనవాళ్లు రాయండి. ఆ వివరాలు స్థానిక సహాయ బృందానికి చేరతాయి. ఒంట్లో బాగాలేనట్టు కనిపిస్తే 999కి ఫోన్ చెయ్యండి. అలాంటి అవసరం మీకే వస్తే, మతం చూసుకుని మొహమాటపడకుండా తలుపు తట్టండి.