తెలుగు పేరునకు ఏ సంకేతము?

ధర్మవరమున పట్టుచీరలు నేయించు వర్తకుడు తన అంగడి పేరును ఇంటర్నెట్టు చిరునామాగా తెలుగు అక్షరములతోనే పెట్టుకొనవచ్చును. తెలుగు లిపిలోని ‘.భారత్’ అను కొసపేరు 2011వ సంవత్సరము నుండియు ఉన్నది. అయినను మనవారు సంశయించుచున్నారు. ఆ సంశయము నిష్కారణము కాదు.

కంప్యూటరునకు అక్షరము తెలియదు, అంకె తెలియును. ఆ అంకెలను పంపుటకు రెండు మార్గములు కలవు. యూటీఎఫ్-8 అను పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తునకును 3 బైట్లు పట్టును. గుణింతపు గుర్తులును సున్నయు వేఱుగా లెక్కకు వచ్చును గనుక ‘హిందూపురం’ 9 గుర్తులు, 27 బైట్లు. 2003లో ఏర్పడిన ప్యూనీకోడు అట్లు గాక, తెలుగు పేరును ఇంగ్లీషు అక్షరములు, అంకెల వరుసగా మార్చివేయును. ‘భారత్’ అనునది 13 అక్షరముల ముద్ద యగును. దానిని చదువ నెవరి తరము? కాని పాత యంత్రములన్నియు దానిని మోయగలవు.

వెబ్ చిరునామాకు ప్యూనీకోడు చాలును; ఆ మార్పును బ్రౌజరే చేసికొనును. చిక్కంతయు ఈ-మెయిలునందే. అందు ‘ఎట్’ గుర్తునకు ఆవలి భాగము ప్యూనీకోడులో పోవచ్చును గాని, ఈవలనున్న మనిషి పేరు 2012 నాటి నిబంధనల ప్రకారము యూటీఎఫ్-8లోనే పోవలయును. దారిలోని సర్వరులలో ఒక్కటి కాదన్నను ఉత్తరము తిరిగి వచ్చును. కావున వెబ్ చిరునామాను నేడే తెలుగున పెట్టుకొని, ఉత్తరములకు మాత్రము తెలుగు పేరుతోపాటు అదే పెట్టెకు చేరు ఇంగ్లీషు పేరొకటి ఉంచుకొనుట మేలు. ఇంగ్లీషుతోనే సరిపెట్టుకొనుడను వారి వాదము మాకు సమ్మతము కాదు.

కన్నడదేశపు పొలిమేరనున్న హిందూపురము వారు మఱియొకటి గమనింపవలయును. పెనుకొండలో విజయనగర రాజుల నాటి శాసనములందు రెండు భాషలును కలవు, లిపులు తోబుట్టువులు. 1991 నాటి భారతీయ సంకేతపద్ధతిలో తెలుగు జకారమునకును కన్నడ జకారమునకును ఒకటే అంకె. యూనికోడులో మనది 3100, వారిది 3228. ‘జలజ’ అను పేరును కన్నడ అక్షరములతో కూర్చినచో కంటికి భేదము తోచదు, యంత్రమునకు అది వేఱొక చిరునామా. మోసగానికి ఇంతకంటె అనువేమి కావలయును? 2019లో కొసపేర్ల మూలపట్టికకై చేసిన నియమములలో ఇట్టి జంటలను ఒక్కటిగానే ఎంచినారు. కాని ఆ రక్షణ కొసపేర్లకే. అంగడి పేర్ల సంగతి ఆయా నమోదుదారుల నియమములపై ఆధారపడును.

ఇచ్చట ఆ వికారపు ప్యూనీకోడే ఉపకారి. కంటికి ఒక్కటైన పేర్లు అందు వేఱుగా కనబడును. వర్తకుడు తన పేరుయొక్క ప్యూనీకోడు రూపమును చిట్టాపుస్తకపు మొదటి పుటలో వ్రాసియుంచుకొని, ఆ పేరుతో సొమ్ము కోరు లంకె వచ్చినపుడు అక్షరాక్షరము సరిచూచుకొనవలయును.