వజ్రంలో దోషమే దీపం

వజ్రాన్ని పరీక్షించేవారు మొదట వెదికేది దోషాన్ని. మచ్చ కనిపిస్తే విలువ తరుగుతుంది. కొల్లూరు గనుల నాటి నుంచి నేటి సూరత్ వరకు ఈ వర్తకానికి ఇదే సూత్రం. భౌతికశాస్త్రం దానిని తలక్రిందులు చేసింది. వజ్రంలో దోషాన్ని కోరుకోవడమే కాక, దానిని కోరిన చోట నిలపడానికి లేసర్‌ను ప్రయోగిస్తున్నది.

వజ్రమంటే కర్బన పరమాణువుల కట్టుదిట్టమైన అల్లిక. అందులో ఒక కర్బనం స్థానంలో నత్రజని చేరి, దాని ప్రక్క స్థానం ఖాళీగా ఉంటే, ఆ జంట చిత్రమైన దీపమవుతుంది. ఆకుపచ్చని కాంతి సోకితే, ఎర్రని కాంతిని ఒక్కొక్క కణంగా వెలువరిస్తుంది. 1997లో జర్మనీ శాస్త్రజ్ఞులు ఇటువంటి దీపాన్ని ఒంటరిగా చూడగలిగారు. రహస్య సందేశాలకు, సూక్ష్మమైన అయస్కాంత క్షేత్రాల కొలతకు ఇది సాధనం కాగలదు.

కాని ఆ కాంతి నలుదిక్కులా చెదిరిపోతుంది. దానిని ఒడిసిపట్టాలంటే దీపాన్ని రెండు అద్దాల నడుమ, అతి చిన్న కుహరంలో ఉంచాలి. అక్కడ కాంతి తరంగం, మీటిన వీణతీగవలె, కొన్ని చోట్ల ఉప్పొంగుతుంది. కొన్ని చోట్ల నిశ్చలంగా ఉంటుంది. ఈ రెంటి నడుమ దూరం వజ్రంలో సుమారు 66 నానోమీటర్లు. అంటే, వెంట్రుక మందంలో ఇంచుమించు వెయ్యవ వంతు. అంతమాత్రం గురి తప్పినా శ్రమ వృథా.

2017లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, వారి సహచరులు ఒక మార్గం చూపారు. సెకనును లక్ష కోట్ల భాగాలు చేస్తే, అందులో ఒక భాగంకన్న తక్కువ కాలం వెలిగే లేసర్ మెరుపును వజ్రపు లోపలికి గురిపెట్టి, ఖాళీలను సృష్టించారు. తరువాత కొలిమి వేడికి ఆ ఖాళీలు కదిలి నత్రజనిని చేరుకున్నాయి. 2019లో కొలిమి కూడా అవసరం లేకపోయింది. బలహీనమైన మెరుపులతో ఖాళీని కదిలిస్తూ, దీపం వెలగగానే లేసర్‌ను ఆపివేశారు. ఇంచుమించు ప్రతి ప్రయత్నమూ ఫలించింది.

సూరత్‌కు లేసర్ కొత్తది కాదు. ప్రపంచపు వజ్రాలలో పదింట తొమ్మిదింటికి సానపట్టే నగరమది. వజ్రాన్ని కోయడానికి రంపపు బిళ్లల స్థానంలో అక్కడ లేసర్ వచ్చి చాలాకాలమైంది. వాయువుల నుంచి వజ్రాన్ని పెంచే యంత్రాలూ ఉన్నాయి. అయితే పెంచిన వజ్రాల ధర ఇటీవల బాగా పడిపోయింది. 2023 తరువాతి మాంద్యంలో అనేకమంది పనివారు ఉపాధి కోల్పోయారు. ఆభరణం ఒక్కటే ఆధారమైతే వచ్చే కష్టమిది.

పెంచిన వజ్రాలపై పరిశోధనకు 2023లో మద్రాసు ఐ.ఐ.టి.కి అయిదేళ్లకు 242 కోట్ల రూపాయలు కేటాయించారు. అదే సంవత్సరం 6,003 కోట్లతో జాతీయ క్వాంటం మిషన్‌కు ఆమోదం లభించింది. ఈ విద్యకు మన గడ్డపై పూర్వులూ ఉన్నారు: 1930లోనే సూరి భగవంతం వజ్రపు రామన్ వర్ణపటాన్ని పరిశీలించారు. ప్రయోగశాల కోరే వజ్రంలో నత్రజని పాళ్లు నిక్కచ్చిగా ఉండాలి. కంటికి నచ్చితే చాలదు. ఆ నిక్కచ్చితనాన్ని సూరత్ అలవరచుకుంటే, దోషాన్ని తొలగించి బ్రతికిన చేతులు రేపు దోషాన్ని నిలిపి బ్రతకవచ్చు.