కేదారం దారిలో కాటన్ బనియను

రేపల్లె చలి ఒక దుప్పటికి లొంగే చలి. సంక్రాంతి ముందు తెల్లవారుజామున పెనుమూడి వంతెన మీద బండి నడిపేవాళ్లకు కృష్ణ మీది గాలి కొట్టి వణుకు పుడుతుంది గానీ, పొద్దెక్కితే స్వెట్టరు బరువనిపిస్తుంది. అందుకే మనవాళ్లు కేదార్‌నాథ్ ప్రయాణం పెట్టుకున్నప్పుడు ఒక్కటే ఆలోచిస్తారు: వీలైనంత మందపాటి జర్కిన్ కొనాలి. లోపల మాత్రం రోజూ వేసుకునే కాటన్ బనియనే. గౌరీకుండ్‌లో నడక మొదలెట్టిన కాసేపటికే ఆ బనియను చెమటకు తడిసి వీపుకు అంటుకుంటుంది. టీ కొట్టు దగ్గర కూర్చోగానే దవడలు కొట్టుకుంటాయి.

కేదార్‌నాథ్ 3,583 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే సగటున 6.5 డిగ్రీల వేడి తగ్గుతుంది. దాదాపు సముద్రమట్టంలో ఉండే మనకు ఎత్తు వల్లనే 23 డిగ్రీల తేడా. అయితే దారి 16 కిలోమీటర్లకు పైగా ఎక్కుడే కాబట్టి, నడిచేవాడి ఒళ్లు వేడెక్కి చెమట పోస్తూనే ఉంటుంది. చలిలో చెమటేమిటని మనం దాన్ని లెక్కలోకి తీసుకోం. చిక్కంతా అక్కడే ఉంది.

ఒక గ్రాము చెమట ఆవిరి కావాలంటే సుమారు 580 కేలరీల వేడి కావాలి. అందులో ఎక్కువ భాగం మన ఒంట్లోంచే పోతుంది. కూజాలో నీళ్లు చల్లబడేది ఇలాగే. మే నెల రేపల్లెలో చెమట పీల్చుకుని మెల్లగా ఆరే నూలుబట్ట కంటే హాయి లేదు. పక్కనే చీరాల మగ్గాలు, గుంటూరు పత్తి ఉన్న మనకు ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు. కొండ మీద ఆ గుణమే ఎదురు తిరుగుతుంది. పైగా కదలని గాలి కంటే నీరు పాతిక రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. బట్టలో గాలి ఉండాల్సిన చోట నీరు చేరితే, పైన ఎంత మందపు జర్కిన్ ఉన్నా ఉపయోగం తక్కువ.

కాబట్టి ముందు మార్చాల్సింది ఒంటికి తగిలే బట్ట. మామూలు గాలిలో నూలుపోగు తన బరువులో 8 శాతం దాకా తేమ పట్టుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. అందుకే పిల్లలు ఆటలకు వేసుకునే పలచని పాలిస్టర్ టీషర్టు, ఒంటికి పట్టినట్టుంటే, ఇక్కడ బాగా పనికొస్తుంది. ఉన్ని ఇంకా ఎక్కువ తేమ తాగుతుంది. కానీ దాని పోగులు ఉంగరాలు తిరిగి ఉండటం వల్ల తడిలోనూ కొంత గాలిని పట్టి ఉంచుతుంది. ఒంటికి తగిలే ఆ బట్ట మీద ఒక లావు స్వెట్టరు కంటే రెండు పలచనివి మేలు. వాటి మధ్య గాలి నిలుస్తుంది, ఒకటి విప్పుకునే వీలూ ఉంటుంది.

ఇదేమీ కొత్త కంపెనీల కనిపెట్టుడు కాదు. 1924లో ఎవరెస్టు ఎక్కబోయిన జార్జ్ మేలరీ పట్టు, నూలు, ఉన్ని బట్టలు ఒకదానిమీద ఒకటి తొడుక్కుని, పైన గాలి చొరని గాబర్డీన్ వేసుకున్నాడు.

ఆ పై పొర పని గాలినీ వాననూ ఆపడం. 1969లో బాబ్ గోర్ కనుగొన్న సాగదీసిన టెఫ్లాన్ పొరతో గోర్‌టెక్స్ వచ్చింది. దాని రంధ్రాల్లోంచి నీటిబొట్టు దూరదు, ఆవిరి మాత్రం బయటికి పోతుంది. మంచిదే కానీ ఖరీదు. జడివానలో చుట్టూ గాలే తేమతో నిండినప్పుడు అదీ నెమ్మదిస్తుంది. చవక ప్లాస్టిక్ రెయిన్‌కోటయితే ఆవిరిని అసలు వదలదు. వాన పడినంతసేపే వేసుకుని, ఆగగానే విప్పేయాలి.

నా మాటగా చెప్పాలంటే, డబ్బు తక్కువైతే లోపలి బట్ట మీదే పెట్టండి. నడక మొదట్లో కాస్త చలిగా అనిపించేలా బయల్దేరండి. ఆగిన వెంటనే, చలి పుట్టకముందే, విప్పిన స్వెట్టరు తొడుక్కోండి. ఒక పొడి బనియను ప్లాస్టిక్ కవరులో చుట్టి సంచి పైభాగంలోనే ఉంచండి.

ఇవన్నీ నడిచేవాళ్లకు. గుర్రం మీదో డోలీలోనో వెళ్లే అమ్మానాన్నల సంగతి వేరు. వాళ్లు గంటల తరబడి కదలకుండా కూర్చుంటారు, చెమట పట్టదు, ఒంట్లో వేడీ పుట్టదు. కొడుకు జర్కిన్ విప్పే చోట తల్లికి రెండో స్వెట్టరు వేయాల్సి రావచ్చు. వేలాడే పాదాలు అన్నిటికంటే ముందు చల్లబడతాయి గనుక వాళ్లకు ఉన్ని మేజోళ్లు గౌరీకుండ్‌లోనే తొడగండి. బూటు బిగుతైతే లోపల గాలికి చోటుండదు, కాస్త వదులైనవి తీసుకోండి.