ఇంట్లోనే స్కేల్ ఆర్సీ విమానం: మొదటిది 4 సెకన్లలో ఎందుకు కూలింది, రెండోది ఎలా ఎగిరింది?

ఫోన్ కొనేముందు మనం ఏం చూస్తాం? ప్రాసెసర్, ర్యామ్, బ్యాటరీ. ఏది పెద్దదైతే అది మంచిది అనుకుంటాం. నేను నా మొదటి ఆర్సీ విమానాన్ని కూడా ఇదే లెక్కలో కట్టాను. పవర్ ఎక్కువున్న మోటార్, 2200 ఎంఏహెచ్ బ్యాటరీ, గట్టిగా ఉండాలని మందపాటి ప్లైవుడ్. మూడు నెలలు కష్టపడ్డాను. అది గాల్లో ఉన్నది 4 సెకన్లు.

కూలిపోవడం పెద్ద విషయం కాదు. ఈ హాబీలో అందరి విమానాలూ ఎప్పుడో ఒకప్పుడు కూలతాయి. కానీ ఆ రోజు విమానాన్ని చేత్తో విసిరింది మా తమ్ముడు. అది ముక్కు పైకెత్తి, గాల్లో ఆగిపోయి, ఎడమ పక్కకి తిరగబడి నేరుగా వాడి వైపే వచ్చింది. తిరుగుతున్న ప్రొపెల్లర్ వాడి చెవికి జానెడు దూరంలో పోయి మడిలో దిగబడింది. వాడు "ఏం కాలేదన్నా" అన్నాడు. నాన్న మాత్రం విరిగిన ప్రొపెల్లర్ ముక్క చేతిలో పట్టుకుని, "బొమ్మ అన్నావు కదరా" అని ఒక్క మాటే అన్నారు.

రెండో విమానం కట్టడానికి ఆరు నెలలు పట్టింది. అది ఇప్పటికీ ఎగురుతోంది. దీనికి పెట్టిన డబ్బు ఎక్కువేం కాదు, మోటార్ అయితే మొదటిదానికన్నా చిన్నది. తేడా అంతా రెండు విషయాల్లోనే ఉంది: బరువు ఎంత, ఆ బరువు ఎక్కడ ఉంది. ఈ ఆర్టికల్‌లో ఆ రెండూ వివరంగా చూద్దాం.

ఏ విమానం ఎంచుకోవాలి?

స్కేల్ మోడల్ అంటే నిజంగా ఎగిరిన ఒక విమానాన్ని అదే కొలతల నిష్పత్తిలో చిన్నగా కట్టడం. ఫైటర్ జెట్ మీద మోజు అందరికీ ఉంటుంది, నాకూ ఉంది. కానీ మొదటి స్కేల్ మోడల్‌కి నా ఓటు పైపర్ జే-3 కబ్‌కే.

ఇది అమెరికాలో పెన్సిల్వేనియాలోని లాక్ హేవెన్‌లో తయారైన రెండు సీట్ల ట్రైనర్ విమానం. 1938 నుంచి 1947 వరకు దాదాపు 20 వేలు తయారయ్యాయి. పసుపు రంగు బాడీ, పక్కన మెరుపులాంటి నల్ల గీత చూస్తే ఎవరైనా గుర్తుపడతారు. మనకి ఇది ఎందుకు సులువంటే, రెక్క బాడీ పైన ఉంటుంది, చివర తప్ప వెడల్పు ఎక్కడా మారదు, బాడీ పక్కలు దాదాపు చదునుగా ఉంటాయి. పైగా అసలు విమానం కూడా ఫ్రేమ్ మీద బట్ట కప్పి చేసిందే. కాబట్టి మనం కర్ర ఫ్రేమ్ మీద ఫిల్మ్ కప్పినా లుక్ సహజంగా వస్తుంది.

9 తో భాగిస్తే సరిపోదు

అసలు కబ్ రెక్కల పొడవు 10.74 మీటర్లు, బాడీ పొడవు 6.83 మీటర్లు. నేను 1:9 స్కేల్ తీసుకున్నాను. అంటే రెక్క దాదాపు 1.2 మీటర్లు, బాడీ 76 సెంటీమీటర్లు. బైక్ మీద వెనక కూర్చున్నవాళ్లు పట్టుకోగలిగే సైజు.

ఇక్కడే అసలు విషయం ఉంది. పొడవు 9 రెట్లు తగ్గితే, రెక్క వైశాల్యం 9×9, అంటే 81 రెట్లు తగ్గుతుంది. బరువు 9×9×9, అంటే 729 రెట్లు తగ్గాలి. పూర్తి లోడ్‌తో అసలు కబ్ బరువు సుమారు 550 కిలోలు. 729 తో భాగిస్తే 754 గ్రాములు. బ్యాటరీతో కలిపి మన విమానం అంతలోనే ఉండాలి. అప్పుడే అది కబ్‌లా నెమ్మదిగా, హుందాగా ఎగురుతుంది.

నా మొదటి విమానం ఎంత ఉందో తెలుసా? 1180 గ్రాములు. నేను దాన్ని ఎగరేసే ముందు తూచలేదు, కూలాక తూచాను.

బరువు పెరిగితే ఏమవుతుంది? రెక్క విమానాన్ని మోయాలంటే కనీసం ఇంత స్పీడ్ ఉండాలి అని ఒకటుంటుంది. అంతకన్నా తగ్గితే రెక్క పని చేయడం మానేస్తుంది. దీన్నే స్టాల్ అంటారు. 750 గ్రాములకి ఆ స్పీడ్ గంటకి సుమారు 25 కిలోమీటర్లు. అదే రెక్క మీద 1180 గ్రాములు పెడితే 31 దాటుతుంది. మనిషి నిలబడి చేత్తో విసిరితే ఆ స్పీడ్ రావడమే కష్టం. అంటే మా తమ్ముడు వదిలిన క్షణానికే ఆ విమానం స్టాల్ అంచున ఉందన్నమాట.

గ్రాముల బడ్జెట్

అందుకే రెండోసారి మొదట కొన్న టూల్ 1 గ్రాము వరకు చూపించే కిచెన్ వెయింగ్ మెషిన్. కర్ర ముట్టుకోకముందే పేపర్ మీద బడ్జెట్ రాసుకున్నాను. పూర్తయ్యాక వచ్చిన లెక్క ఇది:

- ఫ్రేమ్, జిగురుతో సహా: 290 గ్రాములు
- కవరింగ్ ఫిల్మ్: 55 గ్రాములు
- చక్రాలు, వాటి తీగ స్టాండ్: 60 గ్రాములు
- మోటార్, మౌంట్, ప్రొపెల్లర్: 80 గ్రాములు
- ఈఎస్‌సీ: 25 గ్రాములు
- నాలుగు సర్వోలు, పుష్‌రాడ్లు: 56 గ్రాములు
- రిసీవర్, వైర్లు: 20 గ్రాములు
- బ్యాటరీ: 115 గ్రాములు
- ముక్కులో పెట్టిన అదనపు బరువు: 35 గ్రాములు

మొత్తం 736 గ్రాములు.

మేడ మీద గదిలో వర్క్‌షాప్

వర్క్‌షాప్ అంటే పెద్దగా ఏం లేదు. ఖమ్మంలో మా ఇంటి మేడ మీద గది, పాత ఫ్లష్ డోర్ ఒకటి. తలుపు చదునుగా ఉంటుంది కాబట్టి అదే టేబుల్. ప్లాన్‌ని 1:9 సైజులో ప్రింట్ తీసి తలుపు మీద పరిచి, జిగురు అంటుకోకుండా పైన పాలిథిన్ కవర్ వేసి, దాని మీదే కర్రముక్కలని గుండుసూదులతో గుచ్చి అతికించాను. కట్టర్ బ్లేడ్, స్టీల్ రూలర్, రెండు రకాల గరుకు కాగితం, తెల్ల జిగురు, ఇన్‌స్టంట్ గ్లూ ఉంటే మిగతాదంతా ఓపికే.

కర్ర బాల్సా. ఈక్వెడార్ వైపు పెరిగే చెట్టు, చాలా తేలిక. ఒక టిప్ చెప్తాను: ఒకే మందం, ఒకే సైజు ఉన్న రెండు బాల్సా షీట్ల బరువులో బాగా తేడా ఉంటుంది. అందుకే ప్రతి షీట్‌నీ తూచి దాని మీదే పెన్సిల్‌తో బరువు రాయండి. అన్నిటికన్నా తేలికైనది తోకకి, బరువైనది ముక్కు వైపుకి. ఎందుకో కాసేపట్లో చెప్తాను.

రెక్కలో ఇంకో చిన్న ట్రిక్ ఉంది. రెక్క అతికించేటప్పుడు చివర్లో వెనక అంచు కింద 6 మిల్లీమీటర్ల పుల్ల పెట్టాను. అలా చేస్తే రెక్క చివర దాదాపు 2 డిగ్రీలు కిందికి చూస్తుంది. దీన్ని వాషౌట్ అంటారు. స్పీడ్ తగ్గినప్పుడు రెక్క చివర కాకుండా మధ్యభాగం ముందు స్టాల్ అవుతుంది, విమానం పక్కకి తిరగబడకుండా ముక్కు మెల్లగా దించుతుంది. మొదటి విమానం ఎడమకి తిరగబడటానికి ఇది లేకపోవడం కూడా ఒక కారణం.

ఫిల్మ్ కప్పడానికి ఇంట్లో ఇస్త్రీపెట్టె చాలు, తక్కువ వేడిలో మొదలుపెట్టండి. అమ్మ పర్మిషన్ తీసుకోండి, అడుగున రంగు అంటుకుంటే చీరలకి పనికిరాదు. నాకు అనుభవమే.

స్పెక్ షీట్ ఎలా చదవాలి?

నేను వాడింది 2212 సైజు, 1000 కేవీ బ్రష్‌లెస్ మోటార్. 22 అంటే లోపలి స్టేటర్ వ్యాసం మిల్లీమీటర్లలో, 12 అంటే దాని ఎత్తు. కేవీ అంటే కిలోవోల్ట్ కాదు. లోడ్ లేనప్పుడు ఒక్కో వోల్టుకి నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుంది అన్నది. 3ఎస్ బ్యాటరీ 11.1 వోల్టులు, కాబట్టి 11,100 చుట్లు. కేవీ ఎక్కువైతే మోటార్ మంచిదని కాదు. కబ్ లాంటి నెమ్మది విమానానికి తక్కువ కేవీ, పెద్ద ప్రొపెల్లర్ కావాలి. నాది 10×4.5 ప్రొపెల్లర్. అంటే 10 అంగుళాల వ్యాసం, ఒక చుట్టుకి సిద్ధాంతం ప్రకారం 4.5 అంగుళాల ముందడుగు.

బ్యాటరీ 1300 ఎంఏహెచ్, 25సీ. మీ ఫోన్‌లో 5000 ఎంఏహెచ్ ఉంటుంది కదా, ఇది చిన్నదే అనిపిస్తుంది. కానీ ఇక్కడ ముఖ్యం సీ రేటింగ్. 1.3 ని 25 తో గుణిస్తే 32.5 ఆంపియర్లు. అంత కరెంట్ ఒక్కసారిగా ఫోన్ బ్యాటరీ ఇవ్వలేదు. సగం థ్రాటిల్‌లో నా విమానం 5, 6 ఆంపియర్లే తీసుకుంటుంది. 80 శాతం వాడి దించేస్తే దాదాపు 10 నిమిషాలు వస్తుంది. పెద్ద బ్యాటరీ పెడితే టైమ్ పెరుగుతుంది, దాంతోపాటే బరువు, స్టాల్ స్పీడ్ కూడా పెరుగుతాయి.

అసలు ప్రాణం ఇక్కడ ఉంది: సీజీ

సీజీ అంటే సెంటర్ ఆఫ్ గ్రావిటీ, విమానం బరువు మొత్తం బ్యాలెన్స్ అయ్యే చోటు. మొదటిసారి నేను రెక్క కింద రెండు వేళ్లు పెట్టి ఎత్తాను. సరిగ్గా రెక్క మధ్యలో నిలబడింది. "పర్ఫెక్ట్" అనుకున్నాను. అదే నేను చేసిన అతి పెద్ద తప్పు.

బాణాన్ని గుర్తు తెచ్చుకోండి. బరువు ముందు మొనలో, ఈకలు వెనక. తిప్పి విసిరితే గాల్లోనే తిరగబడుతుంది. విమానమూ అంతే, బరువు ముందుకి ఉంటేనే తోక దాన్ని నిటారుగా ఉంచగలదు. కబ్ లాంటి విమానానికి సీజీ రెక్క ముందు అంచు నుంచి వెడల్పులో 25 నుంచి 30 శాతం మధ్య ఉండాలి. నా రెక్క వెడల్పు 178 మిల్లీమీటర్లు. 27 శాతం అంటే 48 మిల్లీమీటర్లు. మొదటి విమానంలో అది 89 దగ్గర ఉంది. ముక్కు కొంచెం లేచినా, దించకుండా ఇంకా పైకి లేపే డిజైన్ అది.

కబ్‌తో ఇంకో చిక్కు ఉంది. ముక్కు పొట్టి, తోక పొడుగు. నా మోడల్‌లో సీజీ నుంచి ముక్కులో బరువు పెట్టే చోటు 16 సెంటీమీటర్లు, తోక మధ్య భాగం 48 సెంటీమీటర్లు. మూడింతలు దూరం. అంటే తోకలో 10 గ్రాములు పెరిగితే ముక్కులో 30 గ్రాములు కలపాలి. మొదటి విమానంలో నేను రెండు సర్వోలు తోకలోనే పెట్టాను, తోకకి పెయింట్ కూడా వేశాను. ఇప్పుడు అర్థమైందా, తేలిక షీట్ తోకకే ఎందుకో?

రెండోసారి అన్నీ బిగించి, బ్యాటరీ కూడా పెట్టాకే చూశాను. ముక్కులో 35 గ్రాములు పెడితే 48 దగ్గర నిలబడింది.

ఎగరేసే ముందు తప్పనిసరి

- ఇంట్లో ఏ టెస్ట్ చేసినా ముందు ప్రొపెల్లర్ తీసేయండి.
- ఫెయిల్‌సేఫ్ సెట్ చేయండి. సిగ్నల్ పోతే థ్రాటిల్ జీరోకి రావాలి. ట్రాన్స్‌మిటర్ ఆఫ్ చేసి చెక్ చేసుకోండి.
- లైపో బ్యాటరీని బ్యాలెన్స్ చార్జర్‌తోనే, 1సీ దగ్గర, అంటే 1.3 ఆంపియర్లతో, పక్కనే కూర్చుని చార్జ్ చేయండి. ఉబ్బితే మళ్లీ వాడొద్దు. వాడని రోజుల్లో సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచండి. ఎండాకాలం మేడ గదిలో అసలు వదలొద్దు.
- మన దగ్గర డ్రోన్ రూల్స్ 2021 అమల్లో ఉన్నాయి. 250 గ్రాములు దాటితే నానో కేటగిరీ కాదు. సరదాకి, చదువుకి కంటిచూపు దూరంలో ఎగరేసే మోడళ్లకి వాటిలో విడిగా నిర్వచనం ఉంది, చదవండి. డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ చోటు ఏ జోన్‌లో ఉందో ముందే చూసుకోండి. హైదరాబాద్ వాళ్లయితే శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ అన్నీ చుట్టూ ఉన్నాయని మర్చిపోకండి.

రెండో ఫ్లైట్

డిసెంబర్‌లో, వరి కోసేసిన మడి పక్కన బండ్ల బాట. పొద్దున ఆరున్నర, గాలి లేదు. ఈసారి చేత్తో విసరడం లేదు, చక్రాల మీదే టేకాఫ్. తమ్ముడు, నాన్న నా వెనక నిలబడ్డారు. ముందు ఎవరూ ఉండకూడదన్నది ఇప్పుడు మా రూల్.

థ్రాటిల్ మెల్లగా పెంచాను. విమానం ఎడమకి లాగుతుంటే కుడి రడ్డర్ ఇస్తూ ఉన్నాను. పదడుగులు కూడా పోలేదు, తోక లేచింది, ఆ తర్వాత చక్రాలు. సగం థ్రాటిల్‌కి తగ్గించి స్టిక్ వదిలేసి చూశాను. తిన్నగా పోయింది.

ఒక్క విషయం జాగ్రత్త. కబ్‌ని ఐలెరాన్‌తో మాత్రమే తిప్పితే ముక్కు ఎదురు పక్కకి లాగుతుంది. అందుకే ఐలెరాన్ పైకి 12 మిల్లీమీటర్లు, కిందికి 6 మాత్రమే కదిలేలా సెట్ చేసి, దాంతో పాటు రడ్డర్ కూడా వాడాలి. ఆరు నిమిషాలు తిప్పి దించాను. ల్యాండింగ్‌లో రెండు గంతులు వేసింది, ఏమీ విరగలేదు. నాన్న విమానాన్ని చేతిలోకి తీసుకుని, రెక్క కింద రెండు వేళ్లు పెట్టి చూశారు. ఎక్కడ పెట్టాలో తమ్ముడు చూపించాడు.

మరి మీరు చేయొచ్చా?

నాకు రేడియో, చార్జర్‌తో కలిపి 14 వేల దాకా అయింది. వారంలో ఎగరాలనుకునేవాళ్లు రెడీమేడ్ ఫోమ్ ట్రైనర్ కొనుక్కోండి, అందులో తప్పేం లేదు. ముందు కంప్యూటర్ సిమ్యులేటర్‌లో కొన్ని గంటలు ప్రాక్టీస్ చేస్తే ఇంకా మంచిది. కానీ చేత్తో కట్టింది గాల్లోకి లేవడం చూడాలనుంటే కబ్‌తో మొదలుపెట్టండి. మోటార్ కన్నా ముందు వెయింగ్ మెషిన్ కొనండి.