ఎర్ర గోలీ వెనుక భీమవరం డాక్టరు

గర్భిణీ స్త్రీల ఓపీ ఉన్న రోజుల్లో మన ఆసుపత్రి మందుల కిటికీ దగ్గర ఒక మాట తరచు వింటుంటాము. “ఆ ఎర్ర గోలీలు వద్దు సిస్టర్, కడుపుల తిప్పుతది.” శంషాబాద్, పాల్మాకుల, తొండుపల్లి వైపు నుండి వచ్చే తల్లులలో కొందరు గోలీలు తీసుకొని వెళ్తారు గాని మింగరు. తరువాతి నెల రక్తపరీక్ష చేస్తే విషయం బయటపడుతుంది.

ఆ గోలీలో ఇనుముతో పాటు అర మిల్లీగ్రాము ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. రక్తకణాలు తయారు కావడానికి అది తప్పనిసరి. దానిని మొదటిసారి ప్రయోగశాలలో తయారుచేసిన పరిశోధక బృందానికి పెద్ద మన తెలుగువారే. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడవసారి గట్టెక్కారు. (పరీక్ష తప్పిన పిల్లలున్న ఇళ్ళలో ఈ సంగతి కాస్త గట్టిగా చదవండి.) సన్యాసం పుచ్చుకోవాలని రామకృష్ణ మఠం వారిని అడిగితే, వైద్యం చదివి సేవ చేయమన్నారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఆంగ్లేయ ప్రొఫెసరుకు కోపం వచ్చింది. చివరకు పూర్తి డిగ్రీ ఇవ్వక, అంతకు తక్కువైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతిలో పెట్టారు.

ఆ రోజుల్లోనే ఇంట్లో పిడుగు పడింది. కొద్ది రోజుల తేడాలో ఇద్దరు అన్నదమ్ములు ‘స్ప్రూ’ అనే జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బులో తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలు ఆగవు, నోరు పూస్తుంది, రక్తం తగ్గిపోయి మనిషి ఎండిపోతాడు. అప్పటికి దానికి సరైన మందు లేదు. ఇంట్లో డాక్టరీ చదివినవాడు ఉండి కూడా ఏమీ చేయలేకపోవడం ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

మామగారి సాయంతో, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సొమ్ముతో 1920ల మొదట్లో ఓడ మీద బోస్టన్ చేరుకున్నారు. ఇప్పుడు మన శంషాబాద్‌లో రాత్రి విమానం ఎక్కినవారు ఒక రోజులో అక్కడుంటారు. ఆయన ప్రయాణం అలాంటిది కాదు, పైగా తిరుగు ప్రయాణం లేనిది. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన మళ్ళీ ఈ దేశం చూడలేదు.

అక్కడ పొట్టకూటికి రాత్రిళ్ళు ఒక ఆసుపత్రిలో బెడ్‌పాన్లు శుభ్రం చేసే పని చేశారు. మన వార్డు ఆయాలకు, బాయ్‌లకు ఇది చెబితే నమ్మలేదు! పగలు హార్వర్డ్‌లో రసాయన పరిశోధన. 1925లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి, రక్తంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతి కనిపెట్టారు. ల్యాబ్ టెక్నీషియన్లకు ‘ఫిస్క్–సుబ్బారావు పద్ధతి’ అంటే తెలుస్తుంది. కండరాలకు శక్తినిచ్చే పదార్థాలపై కూడా వీరిద్దరి పని ప్రసిద్ధమైనది. అయినా హార్వర్డ్‌లో స్థిరమైన పదవి దొరకలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనశాలకు వెళ్ళిపోయారు.

కాలేయంలో రక్తాన్ని పుంజుకునేలా చేసేదేదో ఉన్నదని అప్పటికే వైద్యులకు తెలుసు. బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణీ స్త్రీలలో రక్తహీనతను చూసిన డాక్టర్ లూసీ విల్స్, ఈస్ట్‌తో చేసే మార్మైట్ తినిపిస్తే వారు కోలుకున్నారని 1931లో రాశారు. ఆ పదార్థమే ఫోలిక్ యాసిడ్. 1945లో సుబ్బారావు గారి బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. పరిశోధనపత్రంలో ఆయన పేరు సహచరుల పేర్ల మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఆ మందుతో స్ప్రూ రోగులు కూడా కోలుకోసాగారు. అన్నదమ్ములు పోయిన పాతికేళ్ళ తరువాత!

ఇక్కడితో కథ ఆగలేదు. రక్తక్యాన్సరు ఉన్న పిల్లలకు ఫోలిక్ యాసిడ్ వంటివి ఇస్తే జబ్బు ఇంకా పెరుగుతున్నదని బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ అనుమానించారు. అయితే దానికి అడ్డుపడే మందు కావాలి. సుబ్బారావు గారి బృందమే దాన్ని తయారుచేసి ఇచ్చింది. అదే అమినోప్టెరిన్. 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందికి గుణం కనిపించిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించారు. ఆ గుణం కొంతకాలమే నిలిచింది. కాని ఆ జబ్బు లొంగుతుందని తెలిసింది.

దాని దగ్గరి బంధువే మెథోట్రెక్సేట్. కీళ్ళవాతానికి, సోరియాసిస్‌కు వాడే ఈ మందు మన చీటీల మీద కూడా ఉంటుంది. ఈ జబ్బులకు దీన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. గర్భిణులు ముట్టకూడదు. ఏ వారం, ఏ రోజో డాక్టరు గారి చేత చీటీ మీద రాయించుకొని ఇంట్లో చదువు వచ్చినవారికి చూపించండి. దీనితో పాటు ఫోలిక్ యాసిడ్ ఇస్తే రెండు గోలీలనూ కలిపేసి ఒకే డబ్బాలో వేయవద్దు.

బోదకాలుకు ఇచ్చే డి.ఇ.సి. మాత్ర కూడా 1947లో అదే పరిశోధనశాల నుండి వచ్చింది. బోదకాలు ఉన్న జిల్లాల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించేది దీన్నే.

ఇక ఎర్ర గోలీ సంగతి. కడుపులో తిప్పితే రాత్రి భోజనం చేశాక వేసుకోండి. టీ, పాలు, కాల్షియం మాత్రతో కలిపి వద్దు. విరేచనం నల్లగా వస్తే భయం లేదు. గర్భం నిలిచిన మొదటి నాలుగు వారాల్లోనే బిడ్డ వెన్నుపాము గొట్టం మూసుకుంటుంది. ఫోలిక్ యాసిడ్ ఉంటే ఆ లోపాలు చాలావరకు తప్పుతాయి. అందుకే పిల్లలు కావాలనుకునే కొత్త దంపతులు నెల తప్పకముందే వచ్చి అడగాలి. అప్పుడు ఇచ్చేది ఇనుము లేని చిన్న గోలీ. దానితో వికారం ఉండదు.

సుబ్బారావు గారు 1948 ఆగస్టులో, 53వ ఏట నిద్రలోనే కన్నుమూశారు. ఫార్బర్ గారి ప్రకటన వచ్చి అప్పటికి రెండు నెలలే అయింది. 1995లో, పుట్టిన నూరేళ్ళకు, మన తపాలా శాఖ ఆయన బొమ్మతో ఒక స్టాంపు వేసింది.