షుగరుతో పాటు బి.పి. కూడా చూపించండి

మన గుడివాడ చుట్టుప్రక్కల గ్రామాలలో, గర్భం రాకముందు నుండే షుగరు మాత్రలు వాడుతున్న కోడళ్లు ఈ రోజుల్లో తరచు కనబడుతున్నారు. మేము చూడ వెళ్లినప్పుడు ఇంటివారు షుగరు ఎంత ఉన్నదో వెంటనే చెబుతారు. అన్నం తగ్గించామని, తీపి మాన్పించామని చెబుతారు. బి.పి. ఎంత అని అడిగితే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూచుకుంటారు. "బాగానే ఉందండి అయ్యగారూ, తలనొప్పి కూడా లేదు" అంటారు.

నొప్పి ఉండదు గనుకనే దానిని కొలిపించుకోవాలి. ముందునుండే షుగరున్న గర్భిణికి బి.పి. వల్ల వచ్చే చిక్కు ఇతరులకంటె రెండు నుండి నాలుగు రెట్లు ఎక్కువ. షుగరు రక్తనాళాలను ముందే దెబ్బతీసి ఉంచుతుంది. 20 వారాల తరువాత బి.పి. 140/90కి చేరి, మూత్రంలో ప్రోటీను పోతుంటే దానిని ప్రీ ఎక్లాంప్సియా అంటారు. అది ముదిరితే ఫిట్స్ వస్తాయి. మన పెద్దలు గుర్రపు వాతమని భయపడినది దీనికే.

కొందరు ఉప్పు మాన్పించి నిశ్చింతగా ఉంటారు. ఆవకాయ, ఉప్పు చేప తగ్గించడం మంచిదే గాని, ఉప్పు మానినంత మాత్రాన ఈ జబ్బు రాకుండా ఆగదు. ఆపగలిగినది వేరే ఉన్నది. డాక్టరు సలహాపై తక్కువ మోతాదు ఆస్పిరిన్‌ను 12 వారాలు నిండాక, 16 వారాలలోపే మొదలుపెట్టాలి. 2017లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో, ప్రమాదం ఎక్కువని తేలిన స్త్రీలకు ఇది ఇవ్వగా, 37 వారాలలోపు కాన్పు చేయవలసి వచ్చేంత ప్రీ ఎక్లాంప్సియా సగానికి పైగా తగ్గింది. నాలుగో నెల దాటేవరకు సంగతి బయటపెట్టని ఇళ్లలో ఈ అవకాశం జారిపోతుంది. డాక్టరు దగ్గర ఏం దాపరికమండీ!

ఎనలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టన్ వంటి మాత్రలు వాడుతున్నవారు నెల తప్పగానే, ఇంకా మంచిది గర్భానికి ముందే, మార్పించుకోవాలి. అవి కడుపులోని బిడ్డ మూత్రపిండాలకు హాని చేస్తాయి. బదులుగా లాబెటలాల్, నిఫెడిపిన్ వంటివి ఇస్తారు.

మాకు ఎక్కువ దిగులు కలిగించేది ఏడో నెల. అప్పుడే అమ్మాయిని అవనిగడ్డో నాగాయలంకో పుట్టింటికి తీసుకుపోతారు. చీరెలు, పళ్లు, స్వీట్ల పెట్టెలు అన్నీ సర్దుతారు. ఆసుపత్రి కార్డు బీరువాలోనే ఉండిపోతుంది. బి.పి. పెరిగే కాలం సరిగ్గా అదే. కార్డు, మందుల చీటీ ఆమె సంచిలోనే ఉండాలి. పుట్టిల్లు చేరిన వారంలోనే అక్కడి ఆసుపత్రిలో బి.పి., మూత్రం చూపించాలి. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతున్నాయి. తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, డొక్కల కింద నొప్పి, ముఖం ఉబ్బడం కనబడితే తెల్లవారే దాకా ఆగక 108కి ఫోను చేయండి.

కాన్పు అయిందిగదా అని మాత్రలు ఆపేయకండి. బి.పి. తరచు మూడో రోజు నుండి ఆరో రోజు లోపల బాగా పెరుగుతుంది. అప్పటికి బాలింత ఇంటికి వచ్చేసి ఉంటుంది. ఇల్లంతా బిడ్డను చూడ వచ్చినవారే. వారిలో ఎవరైనా వెళ్లి ఏ.ఎన్.ఎం. గారిని పిలుచుకొచ్చి తల్లి బి.పి. చూపించండి. ఫిట్స్ కాన్పు తరువాత కూడా రావచ్చు.