మీకు తెలుసా? సగటు బాగున్నా సరుకు నిండుకుంటుంది!

• పాలు, పెట్రోలు, సిమెంటు లాంటి సరుకు నిల్వను అంచనా వేయడానికి ఒక్కో లీటరూ, ఒక్కో బస్తా లెక్కపెట్టనక్కర్లేదు. వచ్చే వేగంలోంచి పోయే వేగం తీసేస్తే చాలు. సరుకు తయారుచేసే యంత్రం నడిచినంతసేపూ నిల్వ ఏకధాటిగా పెరుగుతుంది, ఆగితే ఏకధాటిగా తగ్గుతుంది. ఎప్పుడు ఆగుతుందన్నదే ఎవరికీ తెలియదు. ఈ లెక్కను ఫ్లూయిడ్ క్యూ అంటారు.

• పేపర్లో శ్రీశైలం, సాగర్ ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో చూసేవాళ్లకు ఇది పరిచయమైన లెక్కే. ఆ రెంటి తేడా రోజంతా 11,574 క్యూసెక్కులుంటే నిల్వ 1 టీఎంసీ మారుతుంది. ఈ గణితానికి ఒక పునాది పడిందీ డ్యాముల దగ్గరే. రిజర్వాయరు ఎండిపోయే అవకాశమెంత, పొర్లిపోయే అవకాశమెంత అన్న ప్రశ్నకు ఆస్ట్రేలియా గణాంకవేత్త ప్యాట్రిక్ మోరాన్ 1954లో ఒక నమూనా ఇచ్చాడు. దాన్ని ముందుకు తీసుకెళ్లినవారిలో మన దేశం నుంచి వెళ్లిన ఎన్.యు. ప్రభు ఒకరు. క్యూలనూ సరుకు నిల్వలనూ ఒకే గణితంతో చూపిస్తూ 1965లో ఆయన పుస్తకమే రాశారు.

• అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది ఇది. రెండు యంత్రాలున్నాయి. మొదటిది సగటున 9 గంటలు నడిచి 1 గంట ఆగుతుంది. రెండోది 90 గంటలు నడిచి 10 గంటలు ఆగుతుంది. రెండూ నడిచేది నూటికి తొంభై వంతుల కాలమే, నడిచేటప్పుడు వేగమూ ఒకటే, నెలాఖరు ఉత్పత్తీ సగటున ఒకటే. కానీ వాడకమూ ఒకటే అయిన సరళమైన నమూనాలో, కొరత ముప్పు అంతే ఉండాలంటే రెండో యంత్రానికి సరిగ్గా పది రెట్ల స్టాకు కావాలి! సగటు మాత్రమే చూసి స్టాకు నిర్ణయించే మేనేజరుకు ఈ తేడా కనపడనే కనపడదు. ఎంత శాతం ఆగిందన్నది ఒక్కటే కాదు, ఆగితే ఎంతసేపు ఆగుతుందన్నదీ అడగాలి.

• ఇలాంటి సరళమైన నమూనాలో మరో 1,000 బస్తాలు అదనంగా ఉంచితే కొరత అవకాశం సగమైందనుకోండి. ఇంకో 1,000 పెడితే ఆ సగంలో సగమవుతుంది. సున్నా మాత్రం ఎప్పటికీ కాదు.

• ఫోన్లో మాట్లాడేటప్పుడు మధ్యమధ్య ఆగుతాం కదా, ఆ విరామాలకూ ఇదే లెక్క. బెల్ ల్యాబ్స్‌లో డేవిడ్ అనిక్, దేబాశిష్ మిత్రా, మన్‌మోహన్ సోంధీ 1982లో డేటా బఫర్ల (డేటా తాత్కాలికంగా నిలిచే చోట్ల) కోసం ఈ సమీకరణాలు సాధించారు. మిత్రా 1988లో వాటిని ఉత్పత్తిదారులకూ వినియోగదారులకూ మధ్యనుండే నిల్వకు విస్తరించారు.

• నెలకు రెండో మూడో అమ్ముడుపోయే ట్రాక్టర్లకు ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవాల్సిందే.